రిపోర్టు లేని ఫిల్ము

ఆగస్టు 12, 2024, సోమవారం

కొత్తగా వచ్చిన డాక్టర్ నవ్యశ్రీ మేడం ఇవాళ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. మోకాళ్ల అరుగుదల మామూలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడే నాటికే ఆలస్యం అయిపోతుందట. అంతకంటే ముందే కీలు కింది ఎముకలో, ఆ సన్నటి అల్లికలో, మార్పు మొదలవుతుందట. మన కంటికి ఆనని ఆ మార్పును కంప్యూటర్‌తో పట్టుకోవచ్చా అన్నది ఆమె పరిశోధన. అందుకు ఏడెనిమిదేళ్ల నాటి మోకాళ్ల ఫిల్ములు కావాలి. ఆ మనుషులనే మళ్లీ పిలిచి ఇప్పుడు తీసినవీ కావాలి.

"ప్రేమ్‌చంద్ గారూ, ఈ సెంటర్ల మీకంటె పాతవాళ్లు ఎవరు లేరు. పాతయి వెతికే పని మీదే. పేర్లు తీసేసి నంబర్లు వెయ్యండి. నేను పేరు చూడకుండ చదవాలె," అంది.

సరే అన్నాను. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ ఎక్స్‌రేలు తీయడమే నా పని. ఒక్క ఫిల్మూ ఒకరిది ఇంకొకరికి మారలేదు నా చేతుల్లో.

ఇల్లు చేరేసరికి నా భార్య మహిమ మెట్ల మీద ఉంది. కూరగాయల సంచి పై మెట్టు మీద పెడుతుంది, రెయిలింగ్ పట్టుకుని తానొక మెట్టు ఎక్కుతుంది, మళ్లీ సంచి. నేను అందుకున్నాను.

"వానలు గదా, జర పట్టేసినట్టయింది," అంది. నేను అడగలేదు.

ఆగస్టు 14

2016 నుంచి మొదలుపెట్టాను. ఇవాళ అరవై మోకాళ్లు.

ఆగస్టు 17

2017 జూన్ అయిపోయింది. అక్కడ ఆపాను.

ఆగస్టు 19

హార్డ్ డిస్కు నెమ్మదిగా ఉందని మేడంకు చెప్పాను. అది నిజమే.

ఆగస్టు 20, మంగళవారం

ఎవరూ చదివేది కాదు కనుక రాస్తాను.

2017 జూలై 22. భోజనాల వేళ మహిమను సెంటర్‌కు తీసుకొచ్చి నేనే ఎక్స్‌రే తీశాను. నిలబెట్టి ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. రిజిస్టరులో రాయలేదు, మన మనిషే కదా అని. రిపోర్టు కోసం డాక్టర్‌కు పంపలేదు. అప్పటి డాక్టర్ వారానికి మూడు రోజులే వచ్చేవాడు.

అది కారణం కాదు. ఆ రోజు శనివారం, ఆయన వచ్చే రోజే. పక్క గదిలో టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు.

అమ్మ అప్పటికి పక్షవాతంతో మంచాన పడి ఏడాది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. మహిమ అమ్మను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూముకు, మళ్లీ మంచం మీదికి రోజుకు ఎనిమిది పది సార్లు ఎత్తేది. మధ్యలో అంగన్‌వాడీకి పోయి పిల్లలతో నేల మీద కూర్చుని పాఠం చెప్పి వచ్చేది. ఆ ఎండాకాలం నుంచి మోకాళ్ల మాట ఎత్తడం మొదలుపెట్టింది. "అత్తమ్మను లేపుతుంటె లోపట సూది గుచ్చినట్టయితుంది," అనేది.

తెర మీద బొమ్మ రాగానే చూశాను. రెండు మోకాళ్లలోనూ లోపలి వైపు సందు వెంట్రుకవాసి తగ్గింది. ఎడమ దానిలో ఎముక అంచున చిన్న ముల్లు లేచింది. కొత్తగా చేరినవాడైతే చూడకుండా పోతాడు. నాకు చూడకపోవడం చేతకాదు.

"ఏమన్న ఉన్నదా?" అంది మహిమ, చీర సర్దుకుంటూ.

"ఏం లేదు. సాఫ్‌గ ఉన్నది," అన్నాను.

ఎందుకన్నానో రేపు రాస్తాను.

ఆగస్టు 21

పని ఎక్కువ.

ఆగస్టు 25, ఆదివారం

చర్చిలో ప్రార్థనకు అందరూ మోకరించారు. మహిమ కుర్చీలోనే తల వంచుకుంది. రెండేళ్లుగా అంతే.

ఆ రోజు చెప్పి ఉంటే డాక్టర్ ఏమనేవాడో నాకు తెలుసు. బరువులు ఎత్తొద్దు, నేల మీద కూర్చోవద్దు, తొడలకు కసరత్తు చెయ్యి. అంటే అమ్మను ఎత్తే మనిషి ఉండదు. అంటే అమ్మను ఆదిలాబాద్‌లో మా అన్న దేవసహాయం ఇంటికి పంపాలి. అక్కడ వదిన చూడదు. అమ్మ వారం రోజులు బతకదు. మోకాళ్లు అరిగితే మనిషి చావడు కదా. అట్లా అనుకున్నాను.

నేనే ఎత్తవచ్చు కదా అన్న మాట ఇవాళ ఇది రాస్తుంటే తోచింది. ఏడేళ్లలో మొదటిసారి. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఆగస్టు 29

మహిమ ఫిల్ముకు 117 నంబరు పడింది. చెరిపేయాలంటే ఒక్క మీట నొక్కితే చాలు. చెరపలేదు. మంచితనం వల్ల కాదు, ఒక్క ఫిల్ము కూడా పోగొట్టని వాడినన్న గర్వం వల్ల.

సెప్టెంబర్ 5, గురువారం

మేడం పిలిచింది. తెర మీద 117 ఉంది.

"దీనికి రిపోర్టు లేదేంది?"

"అప్పట్ల కొన్ని అట్లనే ఉండిపోయినయి మేడం."

"చూడండి, ఎంత తొందరగ దొరికిందో. నా దగ్గరున్న వాటిల్ల ఇంత మొదటి దశల ఉన్నది ఇంకోటి లేదు. ఈమెకు అప్పుడే చెప్పి ఉంటె... అరుగుడు ఆగదు గని మెల్లగయ్యేది. జాగ్రత్తపడి ఉంటె కొన్నేండ్లు కలిసొచ్చేటియి. ఎవరీమె? పిలిపించండి."

"ఫోన్ నంబర్ కలుస్తలేదు మేడం."

"పాపం, ఎక్కడున్నదో," అంది.

ఎక్కడుందో నాకు తెలుసు. ఆ వేళకు అంగన్‌వాడీలో గోడకానుకుని నిలబడి ఉంటుంది.

సెప్టెంబర్ 12

అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వచ్చిందట. అన్నం తింటూ మహిమ ఆమెలా గొంతు మార్చి చెప్పింది. "పిల్లలు కింద, టీచర్ కుర్చీల. గిదేమన్న కచేరీయా?" నవ్వాను. మహిమ కూడా నవ్వింది. తర్వాత కంచం వైపు చూస్తూ, "ఇగ ఓర్వలేను. సదానందం డాక్టర్‌కు చూపిద్దాం," అంది.

సెప్టెంబర్ 18, బుధవారం

సదానందం డాక్టర్ ఎముకల స్పెషలిస్టు. ఎక్స్‌రే ఆయన ఆస్పత్రిలోనే తీయించాను. మా సెంటర్ దూరం అన్నాను మహిమతో. మాదే దగ్గర.

ఎడమ మోకాలిలో ఎముకకు ఎముక ఆనుకుంది. కుడిది కొంచెం నయం.

"ఇంతకు ముందెప్పుడన్న తీసిన్రా?" అని అడిగాడు డాక్టర్.

"తీసినం సార్. ఏడేండ్ల కింద మా ఆయననే తీసిండు. అప్పుడు సాఫ్‌గ ఉండె," అంది మహిమ. నా వైపు చూపించి, కొంచెం గర్వంగానే అంది.

డాక్టర్ నొసలు చిట్లించాడు. "సాఫ్‌గ ఉండి ఏడేండ్లల్ల గింతగనమా? అయితె ఇది ఉత్త అరుగుడు కాదేమో. కీళ్లవాతం ఉన్నదా చూడాలె. రక్తపరీక్షలు రాస్త. అదే అయితె మందులు గట్టియి వాడాలె. ఆ పాత ఫిల్ము పట్టుకరండి, జర చూస్త."

ఆటోలో మహిమ అడిగింది: "గా ఫిల్ము ఉన్నదా?"

ఉందన్నాను. లేదని చెప్పి ఉంటే సరిపోయేది. ఎందుకు ఉందన్నానో తెలియదు.

సెప్టెంబర్ 23, సోమవారం

చేశాను.

2017 జూలైలోనే, మహిమ వయసే ఉన్న ఒకామె. ఊరు జమ్మికుంట అని ఉంది. మచ్చలేని మోకాళ్లు. పేరు మార్చి, మహిమ పేరు పెట్టి ఫిల్ము ప్రింటు తీశాను. రక్తపరీక్షలో ఎలాగూ ఏమీ రాదు, అప్పుడు డాక్టరే వాతం సంగతి వదిలేస్తాడు. ఇప్పుడు నిజం తెలిసి మహిమకు ఏం మేలు? ఉన్న మనశ్శాంతి పోవడం తప్ప. ఇది ఆమె కోసమే.

పై వాక్యం కొట్టేయాలి. ఉండనిస్తున్నాను.

సెప్టెంబర్ 25, బుధవారం

డాక్టర్ రెండు ఫిల్ములూ లైటు పెట్టె మీద పక్కపక్కన తగిలించాడు. చాలాసేపు చూశాడు. పెన్ను మొనతో పాత దాని మీద ఒక చోట చూపించాడు. మోకాలి వెనక, చిక్కుడు గింజంత చిన్న ఎముక.

"గిది కొందరికే ఉంటదమ్మా. ఉంటె జీవితాంతం ఉంటది. పాత ఫిల్ముల ఉన్నది, ఇప్పటి దాంట్ల లేదు. ఎముక ఎటు పోతది? ఇది మీ మోకాలు కాదు. ఎక్కడ్నో మారినట్టున్నయి, చూసుకోండి."

జానెడు ఫిల్ములో ఆ గింజను నేను చూడలేదు. నాకు చూడకపోవడం చేతకాదని కిందటి నెల రాశాను.

మహిమ రెండు ఫిల్ములూ కవరులో పెట్టుకుంది. బయటికి వచ్చాక ఆస్పత్రి ముందు బెంచీ మీద కూర్చుంది.

"నీ చేతుల మారవు గదా. ఇరవై ఆరేండ్లల్ల ఒక్కటి మారలేదంటవు గదా," అంది.

ఆ బెంచీ మీదే చెప్పాను. ముల్లు సంగతి, సందు సంగతి, అమ్మ సంగతి, జమ్మికుంట ఆమె సంగతి. మందుల చీటీలు పట్టుకుని మనుషులు మా ముందు నుంచి పోతూ వస్తూ ఉన్నారు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. చెప్పేశానన్న తేలికదనం వచ్చింది, దానికి సిగ్గేసింది.

మహిమ లేచి ఒక్కతే లోపలికి పోయింది. డాక్టర్‌కు తానే చెప్పి వచ్చింది, ఏడేళ్ల కిందే మొదలైందట, వాతం మందులు అవసరం లేదు అని. ఆటోను తానే పిలిచింది.

సెప్టెంబర్ 26, గురువారం

పొద్దున చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అయితె నొప్పి నిజమే అన్నట్టు."

"నిజమే."

"నేను అబద్ధమనుకున్న." మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "నువ్వు సాఫ్‌గ ఉన్నదంటివి. ఎక్స్‌రేల లేని నొప్పి నాకెట్లొస్తది? నా మనసుల్నే పాపమున్నదనుకున్న. అత్తమ్మకు చెయ్యబుద్ధిగాక నా పెయ్యి సాకులు చెప్తున్నదనుకున్న. ఎత్తినప్పుడల్ల నొచ్చేది, నొచ్చినప్పుడల్ల నన్ను నేను తిట్టుకునేది."

నేను ఏదో అనబోయాను.

"ఆగు. యాదికున్నదా, సంఘంల సాక్ష్యం చెప్పిన? అందరి ముంగట నిలవడి చెప్పిన. ప్రభువు నా బద్ధకాన్ని తీసేసిండు, ముసలామెకు సేవ చేసే మనసిచ్చిండు అని. నువ్వు ముందటి వరుసల కూసోని ఆమెన్ అంటివి."

గుర్తుంది. గట్టిగా అన్నాను. అవతలి వైపు వాళ్లు కూడా తిరిగి చూసేటంత గట్టిగా.

"అత్తమ్మ పోయేనాడు గూడ కాళ్లు పట్టుకోని మాఫ్ చెయ్యమన్న. నీకు చేసుకుంట లోపట విసుక్కున్న అవ్వా అని. ఆమెకేం సమజైందో ఏమో, ఎడమ చెయ్యి నా తల మీద పెట్టింది. మోకాళ్లు పోతె పోయినయి. గవి ఎట్లయినా అరుగుతయి. నన్ను నాకే దొంగను చేస్తివి గదా."

చాయ్ మీద మీగడ కట్టింది. ఆమెకు ఆలస్యమవుతుందని లేచి అంగన్‌వాడీకి పోయింది.

సెప్టెంబర్ 27

పెద్దపల్లి నుంచి మా అమ్మాయి రోజారాణి ఫోన్ చేసింది. "డాడీ, మమ్మీ చెప్పింది నిజమేనా?" అంది. అవునన్నాను. పెట్టేసింది.

అక్టోబర్ 2, బుధవారం

సెలవు. ఆదిలాబాద్ పోయి వచ్చాను. బతుకమ్మ ఇవాళే మొదలు. బస్సు నిండా తంగేడు పూల సంచులు, పుట్టింటికి పోయే ఆడవాళ్లు. నిర్మల్ దాటేదాకా నిలబడే ఉన్నాను.

ఎందుకు పోయానంటే, వదిన నోటి నుంచి ఒక్క మాట వినాలని. మేం చూసేవాళ్లం కాదు అని ఆమె అంటే చాలు. అన్న ఇంట్లో లేడు, వదిన ఒక్కతే ఉంది. నీళ్లిచ్చింది. అడిగాను.

"అప్పుడు అమ్మను నీ దగ్గరికి పంపితె చూస్తుంటివా వదినా?"

ఆమె నన్ను వింతగా చూసి, లేచి, ముందు గది పక్క తలుపు తీసింది. కింది అంతస్తు. గడప లేదు. లోపలే బాత్‌రూము, గోడకు పట్టుకునే ఇనుప కడ్డీ.

"గిది ఎవరికోసం కట్టించిండనుకున్నవ్ మీ అన్న? మెట్లుండొద్దని, గడప అడ్డం రావొద్దని మేస్త్రీతోని రెండుసార్లు కొట్లాడిండు. మంచం గూడ ఏయించినం. ఆర్నెల్లు మీ తాన, ఆర్నెల్లు మా తాన అనుకున్నం. నువ్వే ఫోన్ జేసి వద్దంటివి."

"నేను అన్ననా?"

"అమ్మ ఈడ్నే ఉంటా అంటుంది, కదలనంటుంది అన్నవు. మీ అన్న రెండు దినాలు అన్నం తినలే."

అమ్మకు అప్పటికే మాట పోయింది. ఆమె ఏమీ అనలేదు.

అన్న వచ్చేదాకా ఉండలేదు. తిరుగు బస్సులో సీటు దొరికింది. కరీంనగర్‌లో, సంఘంలో, అందరూ అనేవాళ్లు, తల్లిని చూసుకుంటే ప్రేమ్‌చంద్ లాగ చూసుకోవాలి అని. పాస్టర్ గారు ఒకసారి ప్రసంగంలో నా పేరే చెప్పారు. ఆ మాట ఆదిలాబాద్‌కు పంపడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే సంగతి. వదిన ఏ రోజూ చెడ్డది కాదు.

అక్టోబర్ 3

జరిగింది మహిమకు చెప్పాను. నేనేం చెయ్యాలో చెప్పమన్నాను.

"సంఘం ముంగట నేను నిలవడ్డ. నువ్వు నిలవడు," అంది.

అక్టోబర్ 6, ఆదివారం

నిలబడలేదు. పాస్టర్ గారు సాక్ష్యాలకు సమయం తక్కువ ఇచ్చారు.

అక్టోబర్ 13, ఆదివారం

జలుబు. చర్చికి పోలేదు. మహిమ పోయింది.

అక్టోబర్ 16, బుధవారం

117 నా భార్య అని నవ్యశ్రీ మేడంతో చెప్పాను. ఫిల్ము మార్చిన సంగతీ చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, నన్ను కాదు, తెరను చూసింది. యాజమాన్యానికి చెప్పక తప్పదు అంది. చెప్పమన్నాను. తర్వాత, "ఆమె వస్తదా?" అని అడిగింది.

ఇంటికొచ్చి మహిమను అడిగాను. ఇంకోసారి తన కాళ్ల మీదికి ఆ మిషన్ తేనివ్వదనుకున్నాను.

"వస్త," అంది. "ఇంకొకామెకైన ముందుగాల ఎరుకైతది గదా. గని నువ్వు తియ్యొద్దు."

అక్టోబర్ 18, శుక్రవారం

మహిమ వచ్చింది. రాజం అనే కొత్త టెక్నీషియన్ తీశాడు. నేను బయట నిలబడ్డాను. తర్వాత మేడం గది తలుపు సగం తెరిచి ఉంది.

మేడం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఎక్కడ సందు తగ్గిందో, ఎముక అంచు ఎక్కడ లేచిందో, దాని కింద ఎముక అల్లిక ఎక్కడ బిగుసుకుందో వేలు పెట్టి చెప్పింది. తొందరపెట్టలేదు. మహిమ ముందుకు వంగి తెరను ముట్టుకుంది.

"గిదేనా?"

"గిదేనమ్మా."

"గప్పుడే ఉన్నదా?"

"ఉన్నది. గప్పుడే."

"ఉన్నది," అంది మహిమ, తనకు తాను చెప్పుకున్నట్టు. "నిజంగనే ఉన్నది మేడం." కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నేను చూసి ఏడేళ్లు దాటింది. ఒకరి జబ్బు ఫిల్ములో కనబడినందుకు ఆ మనిషి అంత సంతోషపడటం ఇన్నేళ్ల ఉద్యోగంలో చూడలేదు.

అక్టోబర్ 20, ఆదివారం

నిలబడ్డాను.

కాగితం మీద రాసుకుని పోయాను, చదవలేకపోయాను. నోటికి వచ్చినట్టే చెప్పాను. నా భార్యకు మోకాళ్లు పోతున్నాయని నాకు తెలుసు, దాచిపెట్టాను, నా పేరు కోసం దాచిపెట్టాను, ఆమె ఇక్కడ నిలబడి తనను తాను బద్ధకస్తురాలిని అన్నప్పుడు ఆమెన్ అన్నాను. కూర్చున్నాను. ఎవరో ముక్కు చీదారు.

ఆరాధన అయిపోగానే పాస్టర్ గారు కిందికి దిగి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. "ఇంత తగ్గింపు మనసు నేను చూడలేదు," అన్నారు. తర్వాత సంఘ పెద్దలు. తర్వాత అందరూ. వరుస కట్టారు. "గింత ధైర్యం ఎవరికుంటది ప్రేమ్‌చంద్?" "నీ అసొంటోడు వెయ్యిల ఒక్కడు." ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని వదల్లేదు, నీ సాక్ష్యంతో నా కళ్లు తెరుచుకున్నాయన్నాడు.

ఆ మనుషుల మధ్యలోంచి మహిమ కనబడుతూనే ఉంది. కుర్చీలో అట్లాగే కూర్చుంది, బైబిలు ఒళ్లో పెట్టుకుని. ఆమె దగ్గరికి ఒక్క ముసలామె పోయింది. వంగి ఏదో చెప్పింది.

ఆటోలో అడిగాను, ఆమె ఏమన్నదని.

"అదృష్టవంతురాలివి బిడ్డా, తప్పు ఒప్పుకునే మొగడు దొరికిండు అన్నది."

ఆటో కోర్టు చౌరస్తా దాటింది.

"అందరు నీ చెయ్యే పట్టుకున్నరు," అంది మహిమ. కోపంగా అనలేదు. చూసింది చెప్పింది.

అంత మందిలో ఒక్కరినైనా ఆపి, నా దగ్గరికి కాదు, ఆమె దగ్గరికి పొండి అని నేను అనలేదు. చాచిన ప్రతి చేయీ పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను.